భోగి నాడు అల్లుడికి చన్నీళ్ళు

మా అల్లుడు నెమ్మదస్తుడు కాబట్టి గట్టెక్కాను. 2025 భోగి, జనవరి 13, తెల్లవారుజామున ఐదున్నర. తలకి నూనె, ఒంటికి నలుగు పెట్టించుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళిన మనిషి రెండు నిమిషాలకి తలుపు ఓరగా తీసి, "అత్తయ్యా, నీళ్ళు చల్లగా వస్తున్నాయండీ" అన్నాడు. మనవరాలు పుట్టాక వచ్చిన మొదటి సంక్రాంతి. ఇంటి నిండా చుట్టాలు. డాబా మీద మెట్ల గదిలో లక్షా ముప్ఫై వేలు పోసి పెట్టించిన హీట్ పంప్, గాలిలోని వేడితో నీళ్ళు కాచే మిషను. పెట్టించి సరిగ్గా ఏడు వారాలు. నేను హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నదాన్ని, ఆ లెక్క నాకే తప్పింది.

ఎలా తప్పిందో చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి.

మా ఇల్లు వైజాగ్‌లో, ఎంవీపీ కాలనీలో. మామయ్యగారు కట్టించిన రెండంతస్తుల ఇల్లు, డాబా ఎక్కితే తూర్పున రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి సముద్రం నీలంగా ఒక బెత్తెడు కనిపిస్తుంది. ఒకప్పుడు సోలార్ హీటర్ ఉండేది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ తేదీ వైజాగ్‌లో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. హుద్‌హుద్ తుపాను గాలికి మా సోలార్ స్టాండుతో సహా లేచిపోయింది. ట్యాంకు వెనక వీధిలో ఎవరిదో కొబ్బరిచెట్టు మొదట్లో దొరికింది. గాజు గొట్టాల పెంకులు మాత్రం సంక్రాంతికి కూడా పూలకుండీల్లో వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి. అప్పుడు మావారు ఒక్కటే మాట అన్నారు, ఇక డాబా మీద గాలికి ఎగిరే వస్తువు పెట్టేది లేదని. కింద ఒక గీజరు, మేడ మీద ఒక గీజరు పెట్టించుకుని పదేళ్ళు లాగించాం.

2024 నవంబర్‌లో అమ్మాయి పురిటికి వచ్చింది. అప్పుడు తెలిసింది వేడినీళ్ళంటే ఏమిటో. బాలింతకి రెండు పూటలా స్నానం. పసిదానికి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, సున్నిపిండితో మా అత్తయ్య పోసే స్నానం. ఆవిడకి ఎనభై ఒకటి. మోకాళ్ళు పట్టేసి మే నెలలో కూడా వేడినీళ్ళు కావాలంటారు. పసిబట్టలు ఉతకడానికి వేడినీళ్ళు. మా ఇద్దరికీ సరేసరి. రెండు గీజర్లు, గదిలో ఏసీ కలిసి ఆన్ అయితే ఎంసీబీ టప్పున పడిపోయేది. చీకట్లో, సబ్బు నురగలో పసిపిల్ల, "ఎవరే ఆ స్విచ్చి వేసింది" అని అత్తయ్య కేక.

నేను రోజూ పొద్దున్నే కరెంటు మీటరు చూసి క్యాలెండర్ గడిలో రాస్తాను, పాత అలవాటు. ఆ రోజుల్లో గీజర్లకే రోజుకి ఎనిమిది యూనిట్లు దాటుతోందని తేలింది. మా బిల్లు 225 యూనిట్లు దాటిన స్లాబులోకి ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ మీద నాలుగు వందల దాకా ప్రతి యూనిట్‌కీ అప్పట్లో 8 రూపాయల 75 పైసలు. అంటే రోజుకి డెబ్బై రూపాయలు ఒంటి మీంచి కారి తూములోకి పోతున్నాయన్నమాట.

గ్యాస్ గీజరు పెట్టుకోమన్నారు ఒకరిద్దరు. ఆ మాట నేను వినదలుచుకోలేదు. కిటికీ మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. బాలింత స్నానానికి గాలి తగలకుండా అన్నీ బిగించుకుని కూర్చునే ఇంట్లో అది ఎలా పెడతాం? మళ్ళీ సోలార్ అంటే మావారు ఒప్పుకోరు.

హీట్ పంప్ మాట చెప్పింది మా తోడికోడలి తమ్ముడు. అరకులో చిన్న రిసార్ట్ నడుపుతాడు. "మాకు జనవరి రాత్రుల్లో చలి బాగా ముదిరితే అది ఆయాసపడుతుంది అక్కా, మీ వైజాగ్‌లో అయితే పరిగెడుతుంది" అన్నాడు. ఆ "పరిగెడుతుంది" అనే మాట నన్ను పట్టుకుంది. మన ఊరి గాలిలో ఏముందని?

ముందు ఇంట్లో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి కదా. అత్తయ్యని ఫ్రిజ్ వెనక్కి తీసుకెళ్ళి చెయ్యి పెట్టించాను.

"వెచ్చగా ఉంది కదా అత్తయ్యా? లోపలున్న పాలు, కూరల్లోంచి లాగిన వేడి అది. లోపల తీసి బయట పారేస్తోంది. ఇప్పుడు మనం కొనేది అదే ఫ్రిజ్జు, తిరగేసి పెట్టినట్టు. బయటి గాలిలోంచి వేడి లాగి నీళ్ళలో పారేస్తుంది."

ఆవిడ చెయ్యి తీసి చీరకి తుడుచుకున్నారు. "గాలిలో ఏడి ఉంటే మరి నాకు చలేస్తుందేటి?" అన్నారు.

మంచి ప్రశ్నే. మనకి చలి అనిపించే పద్దెనిమిది డిగ్రీల గాలిలో కూడా వేడి ఉంటుంది. కంప్రెసర్‌లో తిరిగే గ్యాస్ అంతకన్నా చల్లబడగలదు కాబట్టి ఆ వేడి దానిలోకి వెళ్ళిపోతుంది. తర్వాత ఆ గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కితే బాగా వేడెక్కుతుంది, ట్యాంకు చుట్టూ చుట్టిన గొట్టంలోంచి పోతూ ఆ వేడిని నీళ్ళకి ఇచ్చేస్తుంది. కరెంటు ఖర్చయ్యేది ఆ నొక్కుడికీ, ఒక ఫ్యానుకీ. ఈ ఆలోచన కొత్తది కూడా కాదు, గాలి నుంచి వేడి లాగి భవనాలు వెచ్చబరచవచ్చని కెల్విన్ 1852లోనే రాశాడు. మన ఇళ్ళకి రావడానికే ఇన్నాళ్ళు పట్టింది.

లెక్క ఇదీ. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే ఏడు యూనిట్ల వేడి కావాలి. గీజరైతే ఆ ఏడూ కరెంటులోంచే తియ్యాలి. హీట్ పంప్ మన వాతావరణంలో రెండు యూనిట్ల కరెంటు తిని, మిగతా ఐదూ గాలిలోంచి తెస్తుంది. మావారు ఈ లెక్క రెండుసార్లు వేయించుకుని, "ఉత్తినే ఎవరిస్తారే ఐదు యూనిట్లు" అని అనుమానంగానే చెక్కు రాశారు.

నవంబర్ చివరి వారంలో బండి వచ్చింది. నిలువెత్తు పీపా, పైన టోపీలాగా మిషను. ఖాళీగానే తొంభై కిలోలు. చిన్న ట్రాలీ ఆటోలో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. నా గుండె జారింది. మాన్యువల్ అంతకు ముందు రాత్రే మొబైల్‌లో చదివేశాను, నిలువుగానే తేవాలని బాణం గుర్తు వేసి మరీ ఉంది. పడుకోబెడితే కంప్రెసర్‌లో ఉన్న ఆయిల్ గొట్టాల్లోకి వెళ్ళిపోతుంది. అది కిందికి దిగకముందే స్విచ్చి వేస్తే ఆయిల్ లేకుండా కంప్రెసర్ తిరుగుతుంది.

మెట్ల మలుపుల్లో దాన్ని ఎక్కించడం ఇద్దరు కుర్రాళ్ళ వల్ల కాలేదు. ఆఖరికి నలుగురు కళాసీలను పిలిపించాం. వాళ్ళు వచ్చాక చూడాలి. పెద్దాయన మెట్లన్నీ ఒకసారి ఖాళీ చేతులతో ఎక్కి దిగి, రెండో మలుపు దగ్గర గోడకి గోనెసంచి కట్టించి, పీపాకి నడుం దగ్గర ఒకటీ మెడ దగ్గర ఒకటీ మోకు వేసి, ఒక్క గీత పడకుండా పదిహేను నిమిషాల్లో పైకి చేర్చాడు. దింపేముందు, "బీమ్ ఏ పక్కనుందమ్మా?" అని అడిగాడు. ఇంజినీరు అడగాల్సిన ప్రశ్న. నిండితే మూడు వందల కిలోలు కదా, కింద గోడ ఉన్న మూలనే నిలబెట్టించాడు.

బిగించే కుర్రాడు మధ్యాహ్నానికే ఆన్ చేసి చూపించి వెళ్ళిపోదామని చూశాడు. నేను ఒప్పుకోలేదు. "ఏం కాదు మేడం, అందరిళ్ళలో ఇలాగే చేస్తాం" అన్నాడు. రేపు ఇదే టైముకి రా నాయనా అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్ళాడు గానీ వచ్చాడు.

ఈలోగా మా ప్లంబర్ పైపుల పని. మంచి పనివాడే, ఇరవై ఏళ్ళుగా మా ఇంటి పైపులన్నీ అతని చేతి మీదుగానే. కానీ వేడినీళ్ళ లైనుకి మిగిలిపోయిన తెల్ల పైపు ముక్క ఒకటి కలిపెయ్యబోయాడు. ఆ తెల్ల యూపీవీసీ చన్నీళ్ళకే. వేడి తగిలితే మెత్తబడి అతుకుల దగ్గర జారుతుంది. మొత్తం వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే తెప్పించాను. అదయ్యాక, నిండిన ట్యాంకు మర్నాడు మొదటిసారి వేడెక్కుతున్నప్పుడు పక్కనున్న సేఫ్టీ వాల్వ్‌లోంచి టప్ టప్ మని నీళ్ళు పడ్డాయి.

"లీకవుతుందమ్మా. డమ్మీ కొట్టీనా?"

వద్దు బాబూ వద్దు అని ఇంచుమించు అతని చెయ్యి పట్టుకున్నాను. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 200 లీటర్లు 25 నుంచి 55కి వెళ్తే రెండు లీటర్ల పైచిలుకు పెరుగుతాయి. వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది, ముందు కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి, ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోవాలి? ఆ కారడం కోసమే ఆ వాల్వ్. దానికి డమ్మీ బిగిస్తే డాబా మీద బాంబు పెట్టుకున్నట్టే. అతనికి చెప్పాను. కాసేపు చూసి, "అయితే ఇది కారాలన్నమాట" అని దాని కింద ఒక సన్న పైపు పెట్టి తూముదాకా లాగాడు. ఆ తర్వాత అతనే అందరికీ చెప్తున్నాడట, కారితేనే మంచిదని.

దీనికి వేరే లైను, 16 ఆంపియర్ల ఎంసీబీ, ఎర్త్ లీకేజీ పడితే కట్టయ్యే ఆర్‌సీసీబీ పెట్టించాం. పక్కనే ఒక చిన్న మీటరు కూడా పెట్టించాను, అది నా సరదా.

ఇక ఇక్కడ నేను చేసిన మొదటి తెలివి తక్కువ పని. మెట్ల గదికి పడమటి వైపు తలుపు, తూర్పు వైపు కిటికీ. వైజాగ్‌లో ఇనుము గతి మనకి తెలియనిది కాదు. గ్రిల్స్‌కి ఏటా పెయింటింగ్. బీచ్ వైపు ఇళ్ళలో ఏసీ బయటి యూనిట్ల కాయిల్‌కి నాలుగైదేళ్ళకే చిల్లులు పడి గ్యాస్ కారిపోతుంది. ఉప్పుగాలి తగలకూడదని తలుపూ కిటికీ రెండూ బిగించేశాను. మొదటి రోజు మీటరు రెండు చిల్లర చూపించింది, సంతోషం. రెండో రోజు రెండున్నర. నాలుగో రోజు మూడు దాటింది. ఐదో రోజు పైకెళ్ళి తలుపు తీస్తే, నిజం చెప్తున్నాను, పాత సినిమా హాల్లోకి అడుగుపెట్టినట్టు చల్లటి గాలి ముఖాన కొట్టింది. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. గాలిలోంచి వేడి లాగి చల్లగాలి వదులుతుంది కదా, ఆ వదిలిన చల్లగాలినే మళ్ళీ పీల్చుకుంటోంది పాపం. పిండిన గుడ్డనే పిండుతోంది.

గాలి కావాలి, ఉప్పు వద్దు. సముద్రం ఊరిలో ఇది తేలే చిక్కు కాదు. మా వడ్రంగి చేత పడమటి తలుపు కింది సగం, పైన కొంత చోట జాలీ పలకలు వేయించాను, ఏటవాలు పలకలు, వాన కొట్టకుండా. మిషను చల్లగాలి వదిలే వైపు ఎదురుగోడకి చిన్న కన్నం కొట్టించి బయటికి ఒక గొట్టం. సముద్రం వైపు కిటికీ మాత్రం మూసే ఉంచాను. మర్నాడే మీటరు మళ్ళీ రెండుకి దిగింది. ఈ పని ముందే చేయించి ఉంటే మేస్త్రీకి రెండుసార్లు కూలీ ఇచ్చే పని ఉండేది కాదు. బిగించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా గది చుట్టూ చూడలేదు. కొనేవాళ్ళు చూసుకోవాల్సింది ఇదే, లీటర్లూ స్టార్లూ ఆనక.

రెండో తెలివి, టైమర్. మధ్యాహ్నం గాలి వెచ్చగా ఉంటుంది, అప్పుడు తిప్పితే కంప్రెసర్‌కి శ్రమ తక్కువ. అందుకని పదకొండు నుంచి నాలుగు దాకానే నడిచేట్టు పెట్టాను. ట్యాంకు చుట్టూ మందంగా ఫోమ్ ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి రెండు మూడు డిగ్రీలకి మించి దిగదు. బంగారంలా నడిచింది. అమ్మాయికి, పాపకి, అత్తయ్యకి, మాకు అందరికీ అయ్యాక కూడా మిగిలేవి. చిన్న మీటరులో రోజుకి 2.2, 2.3. నేను స్టాఫ్ రూమ్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఇక భోగి. విజయనగరం నుంచి బావగారి కుటుంబం, అనకాపల్లి నుంచి ఆడపడుచు వాళ్ళు, హైదరాబాద్ నుంచి అల్లుడు. పసిదాన్ని లెక్కలోంచి తీసేస్తే పదకొండుమంది. నాలుగింటికే లేచి వీధిలో మంట వేశారు. అందరికీ తలంట్లు, కుంకుడుకాయ రసం. కుంకుడుకాయంటే ఒక బకెట్‌తో వదిలే వ్యవహారమా? మనిషికి రెండు. 55 డిగ్రీల నీళ్ళు 200 లీటర్లుంటే, చన్నీళ్ళు కలుపుకున్నాక ఒళ్ళు ఓర్చుకునే వేడిలో మూడు వందల లీటర్లు వస్తాయి, మా బకెట్‌తో పదహారు. పదహారుని రెండుతో భాగిస్తే ఎనిమిది. ఆరో తరగతి లెక్క. తొమ్మిదోవాడు మా అల్లుడు.

మిషను దాని తప్పేమీ లేకుండా నిద్రపోతోంది, నేనే కదా పదకొండింటికి లెమ్మన్నాను. నూనె చేతులతో డాబా ఎక్కి టైమర్ తీసేశాను. ఫ్యాను తిరిగింది, కంప్రెసర్ గుర్రుమంది. కానీ ఇది గీజరు కాదు, పావుగంటలో రావడానికి. ఖాళీ అయిన ట్యాంకు మళ్ళీ వేడెక్కాలంటే మూడు గంటలు. కింద అల్లుడు కళ్ళ మీదికి నూనె కారుతుంటే తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు. పాత గీజర్లు? పండక్కి ముందే వాటిని విప్పించి ఇచ్చేశాం, బాత్‌రూమ్ విశాలంగా కనిపిస్తుందని.

అప్పుడు మా అత్తయ్య ఎవరినీ ఏమీ అనకుండా, అటక మీది ఇత్తడి గుండిగ దింపించమన్నారు. బావగారూ మావారూ చెరో చెవీ పట్టుకుని దాన్ని వీధిలోకి మోసుకెళ్ళి, భోగి మంట పక్కకి మూడు ఇటుకలు జరిపి, నిప్పులు లాగి దాని కిందికి తోశారు. ఇరవై నిమిషాల్లో నీళ్ళు సలసలమన్నాయి. పొగ వాసన, మసి. ఆ మసి గుండిగలోంచి ముంచి పోసుకుంటూ అల్లుడు, "ఇదే బాగుందండీ" అన్నాడు. మర్యాదకి అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. అత్తయ్య మాత్రం ఆ రోజంతా ఒకటే పాట, వచ్చిన ప్రతివాళ్ళకీ: "లక్షన్నర పెట్టి కొన్నారు, ఆఖరికి నా గుండిగే దిక్కయింది." నేను లక్షా ముప్ఫై అని సరిచెయ్యలేదు.

పండగ వెళ్ళాక మాన్యువల్ మళ్ళీ తీస్తే, అందులోనే కరెంటు కాయిల్ కూడా ఉందనీ, చుట్టాలొస్తే బూస్ట్ నొక్కమనీ ఉంది. అప్పుడది గీజరులాగే కరెంటు తింటుంది గానీ పని త్వరగా అవుతుంది. నలభై పేజీలు చదివి ఆ ఒక్క పేజీ ఎలా వదిలేశానో.

వానాకాలం వచ్చాక గానీ అరకు అబ్బాయి అన్న "పరిగెడుతుంది" మాటకి అర్థం తెలియలేదు. జూలైలో మన ఊరి ఉక్క మీకు చెప్పక్కర్లేదు. స్నానం చేసి బయటికొస్తే తుడుచుకున్నది నీళ్ళో చెమటో తెలియదు. ఆరేసిన బట్టలు మూడో రోజు కూడా తడి కంపు. ఒక రోజు పైకెళ్తే హీట్ పంప్ కింద నేనుంచిన మగ్గు నిండి పొర్లిపోతోంది. ట్యాంకు కారుతోందేమోనని టెన్షన్ పడ్డాను. కాదు. గాలిలోంచి వేడి లాగే కాయిల్ చల్లటి రేకులమీద గాలిలో తేమ చుక్కలుగా పట్టి కిందికి జారుతోంది, గ్లాసులో ఐసు వేస్తే బయట చెమర్చినట్టు. మగ్గు తీసి బకెట్ పెట్టాను. సాయంత్రానికి మూడు లీటర్లు.

ఈ మూడు లీటర్లు చూసి నాకు కలిగిన సంబరం మావారికి అర్థం కాలేదు. ఒక లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు 0.68 యూనిట్ల వేడి వదులుతుంది. మూడు లీటర్లకి రెండు యూనిట్లు. అంటే ఏ ఉక్కని తిట్టుకుంటూ విసనకర్రలు విసురుకుంటామో, ఆ ఉక్కే నా ట్యాంకులో నీళ్ళని వేడి చేస్తోంది. మావారు "ఉత్తినే ఎవరిస్తారే" అన్న ఐదు యూనిట్లలో కొన్ని ఈ బకెట్‌లో ఉన్నాయి. ఆ నెలలో మీటరు రోజుకి 1.2 దాటలేదు. అప్పటికి అమ్మాయి హైదరాబాద్ వెళ్ళిపోయింది, నీళ్ళ వాడకం తగ్గింది, అదీ నిజమే. మేలో అయితే నల్ల సింటెక్స్‌లోని నీళ్ళే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనట్టు ఉంటాయి, దీనికి పని తక్కువ.

ఆ బకెట్ నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేయమని మా ఎలక్ట్రీషియన్ సలహా. డిస్టిల్డ్ వాటరే కదమ్మా అంటాడు. కాదు. గాలిలో దుమ్ము, ఉప్పు, రేకుల మీది లోహపు పొడి అంతా కడుక్కుని వచ్చిన నీళ్ళవి. ఇల్లు తుడవడానికి వాడతాను.

ఉప్పు సంగతి మాత్రం తేలలేదు, తేలదు కూడా. కిటికీ మూసినా ఎక్కడినుంచో వస్తుంది. రేకులకి నీలం పూత ఉందని, తుప్పు పట్టదని చెప్పి అమ్మారు, చూద్దాం. పదిహేను రోజులకోసారి, ఆదివారం, స్విచ్చి ఆపి, మొక్కలకి మందు కొట్టే స్ప్రేయర్‌తో మంచినీళ్ళు పోసి రేకుల మధ్య పట్టిన జిడ్డు వదిలిస్తాను. పాత టూత్‌బ్రష్ అయితే పైనుంచి కిందికే తిప్పాలి, అడ్డంగా గీస్తే రేకులు ఒరిగిపోతాయి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు ఇనుముకి బదులు తాను అరిగిపోవడానికి. మొన్న ఏడాదయ్యాక విప్పించి చూశాం. చిటికెన వేలంత మిగిలింది. కొత్తది వేయించాను. మేం ట్యాంకుకి జీవీఎంసీ వాళ్ళ మునిసిపల్ నీళ్ళే పెడతాం. సముద్రానికి దగ్గరగా బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఇళ్ళలో ఆ కడ్డీ ఇంకా త్వరగా అరిగిపోతుందని ప్లంబర్ మాట, అందులో సందేహం లేదు.

చికాకులూ ఉన్నాయి. డాబా నుంచి కింది బాత్‌రూమ్‌కి పైపు పదిహేను మీటర్లు. దానిలో నిలిచిన నాలుగు లీటర్ల చన్నీళ్ళు పోయాక గానీ వేడివి రావు. కొళాయి కింద వేరే బకెట్ పెట్టుకుంటాం. పైపు చుట్టూ తొడిగిన నల్ల ఫోమ్ డాబా మీద ఎండ తగిలిన చోటల్లా ఆర్నెల్లకే పెళుసెక్కి రాలింది, దాని మీద రేకు చుట్టించాల్సి వచ్చింది. చప్పుడు ఏసీ బయటి యూనిట్ అంత.

డబ్బు సంగతి అడుగుతున్నారు బంధువులు. అమ్మాయి ఉన్న మూడు నెలలూ రోజుకి ఐదున్నర, ఆరు యూనిట్లు మిగిలాయి, నెలకి పధ్నాలుగు, పదిహేను వందలు. ఇప్పుడు ముగ్గురమే, ఏడాది మొత్తం మీద ఐదారు వేలకి మించదు. పెట్టిన డబ్బు రావాలంటే అత్తయ్యకి నూరేళ్ళు దాటాలి. ఇద్దరే ఉండే ఇంట్లో, చలికాలం రెండు నెలలు తలా ఒక బకెట్ పోసుకునేవాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు, చిన్న గీజరు చాలు. ఉమ్మడి కుటుంబం, పైన అద్దెకున్నవాళ్ళకి కూడా నీళ్ళిచ్చే ఇల్లు, పీజీ హాస్టల్ అయితే మాత్రం లెక్క వేరు. మా ఎదురింట్లో ఎనిమిదిమంది. వాళ్ళు నన్ను అడిగి, మా మెట్ల గది చూసి, మొన్న దీపావళికి పెట్టించుకున్నారు. తలుపుకి ముందే జాలీ వేయించుకున్నారు.

మే నెలలో మధ్యాహ్నాలు అత్తయ్య కనిపించకపోతే మెట్ల గది వెనక వెతుకుతాం. ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతారో. చల్లగాలి వదిలే గొట్టం దగ్గర మడత కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని, మామిడికాయ ముక్కలు తరుగుతూ ఉంటారు. "ఇది ఏడినీళ్ళకి కొన్నారేటి? నేను దీనికేననుకున్నాను" అని ఒకసారి అన్నారు.

2026 భోగికి, జనవరి పధ్నాలుగో తేదీన, ముందు రోజు రాత్రే టైమర్ తీసేసి, బూస్ట్ ఎక్కడుందో మావారికి కూడా చూపించాను. చుట్టాలు ఈసారి పదముగ్గురు. ఎవరికీ నీళ్ళు తక్కువ కాలేదు. అత్తయ్య మాత్రం ముందు రోజే గుండిగకి చింతపండు పట్టించి తళతళా తోమించి, వీధి గుమ్మం పక్కన పెట్టించారు. అల్లుడు తువ్వాలు భుజాన వేసుకుని తిన్నగా దాని దగ్గరికే వెళ్ళాడు.